బతికున్న మనిషి ఆఖరి మాట

ఆషాఢంలో రెండో మంగళవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలకు మా సారు పదవి పోయింది. ఎన్నికలు ఆ తరువాత ఎప్పుడో వచ్చాయి, ఓట్లు లెక్కపెట్టారు, టీవీలో చెప్పారు. అదంతా కాగితాల పని. పదవి పోయింది మాత్రం ఆ పూటే, న్యాల్‌కల్ అవతల వాగు దాటాక వచ్చే ఒక ఊళ్లో, హసన్ పటేల్ ఇంటి వాకిట్లో. టైము నాకెలా తెలుసంటే, ఆ ఇంటి అరుగు గోడకు పెద్ద గడియారం ఉంది. ఆ క్షణంలో ఎవరి మొహం చూడాలో తెలియక నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను.

నా పేరు ప్రేమ్‌దాస్. ఉండేది జహీరాబాద్. ఎమ్మెల్యే ఈరప్ప సారు ఇంకా ఎమ్మెల్యే కానప్పుడు ఆయన దగ్గర డ్రైవరుగా చేరి, ఆయన దగ్గరే ముసలివాణ్నయ్యాను. ఆయనది ఏ నియోజకవర్గం, ఏ పార్టీ అని అడగకండి. ఆయన పార్టీలు మారాడు, నేను బండి మీద జెండాలు మార్చాను. బండి మాత్రం అవే ఊళ్లు తిరిగింది.

నేను బడికి పోలేదు. జుట్టు నెరిసే వేళకు అక్షరాలు నేర్చుకున్నాను. మా ఆవిడ సుగుణమ్మ అ ఆలు దిద్దించింది, మిగతాది శిలాఫలకాలు నేర్పాయి. సారు కొబ్బరికాయ కొట్టి మైకులో మాట్లాడుతుంటే నేను రాయి ముందు నిలబడి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కునేవాణ్ని. నేను సొంతంగా చదివిన మొదటి పెద్ద మాట 'శంకుస్థాపన'. 'ప్రారంభోత్సవం' అనే మాట పట్టుబడటానికి చాలా ఏళ్లు పట్టింది. అది ఎక్కువ చోట్ల కనిపించేది కాదు.

లీడర్ల దగ్గర బండి తోలే పనికి కుదురుతున్న పిల్లలు ఈ మధ్య మా ఇంటికి వస్తున్నారు. జీతం ఎంత అడగాలి, స్థలం ఇప్పిస్తారా, గవర్నమెంటు కొలువు వేయిస్తారా అంటారు. అవి నాకు తెలియవు, తెలిస్తే నేను ఈ రేకుల ఇంట్లో ఉండను. పని ఏమిటో మాత్రం తెలుసు. అది రాస్తాను.

పనంటే చావు ఇళ్లు

ఎమ్మెల్యే డ్రైవరంటే హైదరాబాద్‌లో తెల్ల బట్టలేసుకుని పెద్ద గేట్ల ముందు నిలబడేవాడని మీరనుకుంటారు. అది ఏడాదికి కొన్నాళ్లు. మిగతా కాలమంతా చావు ఇళ్లకు పోవడమే. పెళ్లికి రాకపోతే జనం వారం తిట్టి మరిచిపోతారు. చావుకు రాకపోతే బటన్ నొక్కే రోజు దాకా గుర్తుంచుకుంటారు.

కాబట్టి మీ బండి డిక్కీలో స్టెప్నీ ఉన్నా లేకపోయినా పూలదండ, అగరుబత్తులు, తెల్ల గుడ్డ ఉండాలి. ముసల్మానుల ఇంటికైతే సారు జేబులో టోపీ ఉందో లేదో దిగేముందు చూడండి. ఊరి పొలిమేర దగ్గరే హారన్ మీంచి చెయ్యి తీసేయండి. శవం లేచే దారికి అడ్డంగా బండి పెట్టకండి. బండి మూతి ఎప్పుడూ బయటికే ఉండాలి, ఎందుకంటే అదే రోజు ఇంకో ఊళ్లో ఇంకో మనిషి పోయి ఉంటాడు. మా క్రైస్తవుల ఇంటికి పోతే పాట అయిపోయిందని తొందరపడి కూర్చోకండి, ఇంకో చరణం ఉంటుంది. ముసల్మానుల ఇంట్లో అయితే జనాజా లేచినప్పుడు మీ సారు నాలుగడుగులైనా భుజం పట్టాలి, ఖబ్రస్తాన్‌లో పిడికెడు మట్టి వేయాలి. ఇక అన్నిటికంటే పెద్ద మాట. చావు ఇంట్లో డ్రైవరు నవ్వితే ఎమ్మెల్యే నవ్వినట్టే.

ఈరప్ప సారు ఈ పనిలో గట్టివాడు. అబద్ధం చెప్పను, మొదట్లో ఆయన మనసుతోనే చేశాడు. అల్లం పొలాల మధ్య బురదలో చెప్పులు వదిలేసి నడిచిపోయేవాడు. జనం 'భుజం పట్టే సారు' అని పేరు పెట్టారు. ఆ పేరే ఆయన్ని గెలిపించింది. అసెంబ్లీలో ఏం మాట్లాడాడని ఎవరూ అడగలేదు, ఆయనా పెద్దగా మాట్లాడలేదు.

మొదటిసారి అది నిజం

మొగుడంపల్లి వైపు సంగయ్య అని ఒక రైతు ఉండేవాడు. చెరుకు బండి మీద పడి నడుము విరిగితే, దారిన పోతున్న మేము మా జీపులో ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాము. వెనక సీట్లో సారు తొడ మీద తల పెట్టుకుని పడుకున్నాడు. దవాఖాన గేటు కనబడుతుండగా సారు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మా చిన్నోడు పాలు పంచుకొని ఏరు పడ్డడని నాకు కోపం లేదని చెప్పు సారు. వాడు మంచోడు."

అంతే. లోపలికి పోయేసరికి ప్రాణం లేదు.

సారు ఆ చావుకు పోయి, మూలన ఒంటరిగా నిలబడ్డ చిన్న కొడుకును పిలిచి ఆ మాట చెప్పాడు. ఆ పిల్లవాడు నేల మీద కూలబడి ఏడ్చిన ఏడుపు నేను మళ్లీ చూడలేదు. వాడి అన్న వచ్చి వాణ్ని లేపి, శవానికి కొరివి పెట్టేటప్పుడు పక్కన నిలబెట్టుకున్నాడు. ఆ సంవత్సరం ఆ పల్లెలో అవతలి పార్టీకి పోలింగు ఏజెంటు కూడా దొరకలేదు.

తిరిగి వచ్చేటప్పుడు సారు నా సీటు వైపు ముందుకు వంగాడు.

"దాసూ, ఒక్క మాట. ఒక్క మాటకే గింత బలమా?"

"మాట నిజం కదా సారు."

"నిజమే అనుకో. కానీ నేను ఏం చెప్పినా వాళ్లు నమ్ముదురు కదా? సచ్చినోడు లేచొచ్చి కాదంటడా?"

ఆయన నన్ను అడగలేదు, తనలో తానే అనుకున్నాడు. గుంతల రోడ్డు, నేను స్టీరింగు చూసుకున్నాను.

కోహీర్ అన్నదమ్ములు

తరువాత కోహీర్ దగ్గర ఒక ముసలాయన పోయాడు. ఇద్దరు కొడుకులు ఒక బావి గురించి కొట్టుకుని, ఒకరి గడప ఒకరు తొక్కడం మానేసినవాళ్లు. తండ్రి శవం వాకిట్లో ఉంటే వాళ్లు చెరో వైపు కూర్చున్నారు. సారు మధ్యలో కూర్చుని, పెద్దవాడి చెయ్యి, చిన్నవాడి చెయ్యి తీసుకుని అన్నాడు.

"పోయిన వారం మీ నాయిన నన్ను సంతల కలిసిండు. 'ఈరప్పా, బావి ఇద్దరిదీ. నా మాటగ చెప్పు' అన్నడు."

పోయిన వారం సారు హైదరాబాద్‌లో ఉన్నాడు. తీసుకుపోయింది నేను, తీసుకొచ్చింది నేను. సంతా లేదు, ముసలాయనా లేడు. కానీ ఆ అన్నదమ్ములు అక్కడే ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఇప్పటికీ ఆ బావి మీద వంతులేసుకుని మోటారు వేసుకుంటున్నారు, వాళ్ల పిల్లలు కలిసి తిరుగుతున్నారు. ఆ అబద్ధం మీద నాకు ఈ రోజుకీ కోపం లేదు. మీకు కోపం వస్తే రానీయండి, మీరు ఆ వాకిట్లో లేరు.

ఒకే మాట, ఊరూరా

చెడ్డ అలవాటు మంచి పని చేసి చూపించాక ఇక పోదు. అది ఈ కొలువులో నేను నేర్చుకున్నది.

ఆ తరువాత ఏ చావు ఇంటికి పోయినా, పోయినవాడు మా సారుకు ఏదో ఒకటి చెప్పి పోయేవాడు. మొదట్లో ఆ ఇంటికి తగ్గట్టు చెప్పేవాడు. రెండోసారి గెలిచాక తీరిక తగ్గింది, అన్ని ఇళ్లకూ ఒకటే మాట కుదిరింది. "ఈరప్పా, నువ్వు ఉన్నవు, నాకింక ఫికర్ లేదు." రెడ్ల ఇంట్లో అదే, ముదిరాజుల ఇంట్లో అదే, పాస్టరు గారు పోయినా అదే. ఒకే మనిషి ఊరూరా తిరిగి చచ్చిపోతున్నట్టు ఉండేది. పైగా పోయినవాడు తన పెళ్లాం పిల్లల పేర్లు ఎత్తడం మానేసి, మా సారు చేసిన పనులు ఎత్తడం మొదలుపెట్టాడు. బోరింగు, సీసీ రోడ్డు, కమ్యూనిటీ హాలు అన్నీ ఆఖరి ఊపిరిలో తలుచుకుని పోయేవాడు.

అప్పుడే మురళి అనే పీఏ వచ్చాడు. చురుకైనవాడు, చెడ్డవాడు కాదు. ఫోన్‌లో 'పరామర్శలు' అని ఒక గ్రూపు పెట్టి, ప్రతి మండలంలో ఒక మనిషిని చేర్చాడు. ఎవరైనా పోయారంటే చాలు, ఏడుపు మొదలయ్యేలోపు మాకు తెలిసిపోయేది. ఒకసారి మేము వెళ్లేసరికి ఆ ఇంటి పెద్ద కూతురింకా వంటింట్లో ఉంది, ఆమెకు తండ్రి పోయిన సంగతి మా సారే చెప్పాడు.

"మురళీ, జర వాళ్లను ఏడ్వనియ్యరాదయ్యా" అన్నాను ఆ రోజు.

"అన్నా, మనం లేటైతే అవతలోళ్లు కూసుంటరు. ముందుగాల కూసున్నోనిదే చాప" అన్నాడు.

పై అధికారి ఎలాంటివాడైనా ఫరవాలేదు పిల్లలూ. ఆయనకు ఎదురు చెప్పే ఒక్క మనిషైనా పక్కనున్నాడా అని చూసుకోండి. మా సారు పక్కన మురళి ఉన్నాడు, గన్‌మెన్ శంకర్ ఉన్నాడు, నేనున్నాను. మా ముగ్గురి జీతాలూ ఆయన బాగుంటేనే బాగుంటాయి.

పటేల్, వాగు, వంతెన

ఎదురు చెప్పే మనిషి లేకపోలేదు, ఉండేది వాగు అవతల. హసన్ పటేల్. పేరుకే పటేల్, ఊరి పెత్తనం చేసే పటేల్గిరీ ఎప్పుడో పోయింది. కొంచెం కంది, కొంచెం జొన్న, నాలుగు బర్రెలు. కానీ వాగు అవతలి పల్లెల్లో కొట్లాట వస్తే ఠాణాకు పోయేముందు ఆయన అరుగు మీదికే పోయేవారు, హిందువులైనా, ముసల్మానులైనా. సారు మొదటి ఎన్నికలో ఆ పల్లెలన్నీ తిప్పింది ఆయనే. నేను ఆ ఇంట్లో ఎన్నిసార్లు రొట్టె తిన్నానో చెప్పలేను.

ఆయన మా సారును ఒక్కటే అడిగాడు. వాగు మీద వంతెన. వానలు పడితే ఆ పల్లెలకు దారి ఉండదు. నిండుచూలాలైనా, పాము కరిచినవాడైనా నీళ్లు తగ్గేదాకా అవతలి గడ్డ మీదే. సారు మాటిచ్చాడు. శంకుస్థాపన చేశాడు. ఆ రాయిని నేను చదివాను, తప్పుల్లేకుండా చెక్కారు. వాగు వచ్చినప్పుడు నీళ్లెంత లోతున్నాయో చూసుకోవడానికి ఆ రాయి ఊరివాళ్లకు బాగా పనికొచ్చేది. సారు పేరు దాకా మునిగితే దిగకూడదు.

పదవి పోయిన ఆ సంవత్సరం సారుకు గాలి బాగాలేదు. వాగు అవతలి పల్లెలు పోతే సీటు పోతుందని ఆయనకు తెలుసు, మురళికి తెలుసు, బండి తోలే నాకూ తెలుసు. వేసవిలో పటేల్ ఇంటికి పోయాము. ఆయన రొట్టె పెట్టించాడు, మజ్జిగ పోయించాడు, తరువాత అన్నాడు.

"ఈరప్పా, తిన్నవా? ఇగ విను. గీసారి నేను ఎవ్వరికీ ఏం చెప్ప. వంతెన లేకుంట నా నోరు లేవదు."

"అవతలోనికి చెప్తరా పటేల్ సాబ్?"

"వానికెందుకు చెప్త? నోరు మూసుకొని కూసుంట. నువ్వే సమజ్ చేసుకో."

సారుకు అది తిట్టు కంటే ఎక్కువ తగిలింది. తిరిగి వచ్చేటప్పుడు మురళి, "ముసలాయన ఒక్క మాట అంటే చాలు సార్, గెలుస్తం" అన్నాడు. సారు ఆ ఒక్క మాట ఎలా వస్తుందా అని ఆలోచిస్తున్నట్టున్నాడు.

వానలు మొదలయ్యే ముందు పటేల్‌కు ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని కొడుకు జాఫర్ హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయాడు. మంచంలో ఉన్నాడని, మాట లేదని వింటూ వచ్చాము.

ఆ మంగళవారం

ఆ పొద్దున మేము బండిలో ఉన్నాము. మురళి ఫోన్ మోగింది. న్యాల్‌కల్‌లో కిరాణా దుకాణం నడిపే మనిషి, గ్రూపులో ఉన్నవాడే. మురళి విని వెనక్కి తిరిగాడు.

"సార్, హసన్ పటేల్ పోయిండంట. మంచం మీద వాగు దాటిస్తున్నరంట. జనం ఏడ్చుకుంట పోతున్నరంట."

సారు కళ్లు మూసుకున్నాడు. "అరెరే. దేవుని లాంటి మనిషి."

"అవతలోళ్లు బయలెల్లిన్రంట సార్."

సారు కళ్లు తెరిచాడు. "దాసూ, తొక్కు."

నేను తొక్కాను. నేనూ నమ్మాను, నమ్మకపోవడానికి ఏముంది? అద్దంలో చూస్తే సారు పెదవులు కదులుతున్నాయి. తెలియనివాళ్లు ప్రార్థన అనుకుంటారు. ఆయన పటేల్ మాటలు కూర్చుకుంటున్నాడు.

వాగు దగ్గర బండి ఆగిపోయింది. అంబులెన్స్ ఒకటి ఖాళీగా వెనక్కి తిప్పుకుంటోంది. నీళ్లు తొడల దాకా ఉన్నాయి. సారు ప్యాంటు పైకి మడిచి దిగాడు, శంకర్ ఆయన చెప్పులు నెత్తిన పెట్టుకుని దిగాడు, నేను దండ ఉన్న సంచి పైకెత్తి పట్టుకుని దిగాను. మురళి అవతలి పార్టీ బండి వస్తుందేమోనని వెనక్కి చూస్తూ దిగి, ఒకసారి మునిగాడు. అలా తడిసి, పటేల్ వాకిట్లోకి పోయాము.

ఆ వాకిలి అచ్చంగా చావు వాకిలే. లోపల ఆడగొంతు ఒకటి గట్టిగా ఏడుస్తోంది. బయట నలుగురు మగవాళ్లు తడిసిన బట్టలతో నేల మీద తలలు వంచుకుని కూర్చున్నారు. పటేల్ కొడుకు జాఫర్, తమ్ముడి కొడుకు మొయిన్, పక్క పొలాల నర్సింలు, తుకారాం. పొరుగింటి ఈశ్వరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

తరువాత తెలిసిన సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. పటేల్‌కు నయమై ఇంటికి పంపారు. అంబులెన్స్ వాగు దాటదు కదా, ఆ నలుగురూ నులక మంచం మీద పడుకోబెట్టి, గాలి తగలకుండా తెల్ల దుప్పటి కప్పి, భుజాల మీద దాటించారు. ఇవతలి గట్టు మీంచి చూసినవాడికి అది పాడెలా కనిపించక ఇంకెలా కనిపిస్తుంది? వంతెన ఉంటే అంబులెన్స్ గుమ్మం దాకా వచ్చేది, ఎవరూ పొరబడేవారు కాదు. లోపల ఏడుస్తున్నది బీదర్ నుంచి వచ్చిన పటేల్ చెల్లెలు మహబూబ్ బీ, అన్న సగమైపోయాడని. మగవాళ్లు తలలు వంచుకున్నది బరువు మోసి అలిసిపోయి.

జాఫర్ లేచి ఎదురొచ్చాడు. "సారూ, మీరు గీ నీళ్లల్ల..." అనేలోపే సారు గట్టిగా కావలించుకున్నాడు. మా సారు కావలింతలో మాట్లాడటం ఎవరివల్లా కాదు, మొహం ఆయన ఛాతీలో ఉంటుంది. వదిలాక వాకిలి మధ్యలో నిలబడి, చేతులు జోడించి మొదలుపెట్టాడు.

"ఏం చెప్పాలె. నాకు రాజకీయం నేర్పిన మనిషి. నాకు తండ్రి లెక్క."

ఆపడానికి ఎవరూ లేవలేదు. ఎమ్మెల్యే మాట్లాడుతుంటే మధ్యలో ఆపే అలవాటు మన దగ్గర లేదు. పైగా పెద్దాయన దవాఖాన నుంచి వచ్చాడు, సారు మెచ్చుకుంటున్నాడు, మంచిదే కదా అనుకున్నారు. మొయిన్ అయితే ఫోన్ తీసి పట్టుకున్నాడు.

"పోయిన శుక్రారం పటేల్ సాబ్ నాకు ఫోన్ చేసిండు. అప్పుడేమన్నడో మీకు చెప్పాలె, నా మీద ఆ బాధ్యత ఉన్నది. 'ఈరప్పా, మా పల్లెలకు నువ్వేం తక్కువ చెయ్యలె. వంతెన ఇయ్యాల కాకుంటే రేపైతది, దానికి నువ్వు ఫికర్ చెయ్యకు. మావోళ్లు నీ ఎన్కనే ఉండాలె, ఇది నా ఆఖరి మాట' అన్నడు."

లోపల ఏడుపు ఆగింది. గుమ్మానికి కట్టిన తెర వెనక నుంచి దగ్గు వినబడింది. పెద్ద దగ్గు, దవాఖాన దగ్గు.

"జాఫర్. ఆ తెర జర తియ్యి."

జాఫర్ తెర తీశాడు. లోపల నులక మంచం మీద, గోడకు ఆనుకుని, హసన్ పటేల్. పక్కన కోడలు రజియా గంజి గిన్నె పట్టుకుని ఉంది.

"ఈరప్పా, మంచిగ చెప్తున్నవు. ఇంకా ఉన్నదా?"

సారు జోడించిన చేతులు దించలేదు. అప్పుడే నేను గడియారం వైపు చూశాను.

"శుక్రారం నీకు ఫోన్ చేసిన్నా?" అన్నాడు పటేల్. "శుక్రారం నా నోట్ల గొట్టముండె బిడ్డా. డాక్టరుకే ఏం చెప్పలె, నీకేం చెప్త?"

నర్సింలు ముందు నవ్వాడు. తరువాత ఈశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. పటేల్ నవ్వలేదు.

"ఆ సంచిల ఏంది దాసూ? దండనా?"

"అవును పటేల్ సాబ్" అన్నాను. దాచడానికి చోటు లేదు.

"నా కోసమే తెచ్చినవు కదా ఈరప్పా, గింత దూరం తడుసుకుంట. ఏసి పో." ఆయన మెడ వంచాడు.

సారు దండ వేశాడు. ఏం చేస్తాడు మరి? బతికున్న మనిషి మెడ వంచితే దండ వెనక్కి తీసుకుపోయే దారి లేదు.

"ఇగ విను" అన్నాడు పటేల్, దండ సర్దుకుని. "అందరు వినుండ్రి. నా ఆఖరి మాట పానం ఉండంగనే చెప్తున్న. వంతెన. గంతే. రేపు నేను పోయినంక గిది తప్ప నా పేరు మీద ఎవ్వడు ఏం చెప్పినా అబద్ధమే."

తిరుగు దారి

వాగు మళ్లీ దాటాము. బండిలో కూర్చున్నాక అందరి బట్టల్లోంచి నీళ్లు కారుతున్నాయి. సారు అన్నాడు.

"దాసూ, ఆయన నిజంగ అన్లేదా?"

"సారూ, ఆయన నోట్ల గొట్టముండెనట."

"అది కాదురా. నాకు అన్నట్టే యాదికున్నది. గొంతు కూడా ఇనబడ్డది నాకు."

పిల్లలూ, ఆయన నాటకమాడలేదు. చూసి చెప్తున్నాను. ఇన్నేళ్లూ చచ్చినవాళ్ల మాటలు కట్టీ కట్టీ, చివరికి అవి ఆయనకు నిజంగానే వినబడటం మొదలైంది. లంచం తిని పడిపోయినవాళ్లను చూశాను, ఆడవాళ్ల గొడవల్లో పడిపోయినవాళ్లను చూశాను. వాళ్లకు తాము చేసింది తప్పని తెలుసు, అందుకే కొందరు మళ్లీ లేచారు. తన అబద్ధం తనకే వినబడేవాడు లేవడు.

మొయిన్ ఫోన్‌లో తీసిన ఆ వీడియో సాయంత్రానికే అందరి ఫోన్లలో ఉంది. దాని వల్ల పోలేదు పదవి. జనం అలాంటివి చూసి నవ్వి మరిచిపోతారు. ఆ తరువాతి వారం మొగుడంపల్లి దగ్గర ఒక ముసలాయన పోతే వెళ్లాము. సారు చాప మీద కూర్చుని నోరు విప్పకముందే, పోయినాయన భార్య తల ఎత్తింది.

"సారూ, మా ముసలోడు నీకేం చెప్పి పోయిండు? జర చెప్పు. నా పెండ్లైన కాంచి నాకైతే ఒక్క మాట చెప్పలె."

శవం పక్కన కూర్చున్న కొడుకులు నవ్వారు. పాడె కడుతున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. పైన నేను రాసిన నియమం అంతటితో తెగింది. సారు లేచి బయటికి వచ్చేశాడు. ఆ తరువాత ఎక్కడికి పోయినా అంతే, ఆయన వస్తున్నాడంటేనే జనం నవ్వు ఆపుకోవడానికి మూతులు బిగించుకునేవారు. చివరికి ఒకచోట కొడుకు చేతులు జోడించి, "సారూ, మీరు దినాలకు రాండ్రి, ఇయ్యాల వద్దు, అమ్మ నవ్వుతది" అన్నాడు. చావు ఇంట్లోకి పోలేని ఎమ్మెల్యే మన వైపు ఎమ్మెల్యేగా ఉండలేడు. ఎన్నికల్లో వాగు అవతలి పల్లెలే కాదు, ఇవతలివీ పోయాయి.

ఇక మిగిలింది

హసన్ పటేల్ ఎన్నికలు చూశాడు, చలికాలం చూశాడు, ఎండలు ముదిరాక పోయాడు. ఆ రోజు ఒక వింత జరిగింది. పటేల్ పోయాడన్న మాట ఎవరూ నమ్మలేదు. అన్ని పార్టీల పీఏలూ ఒకరికొకరు ఫోన్లు చేసుకుని, 'చూసినోడు ఉన్నడా, ముట్టుకున్నోడు ఉన్నడా' అని కనుక్కుంటూ కూర్చున్నారు. జాఫర్ మా సారుకు తానే ఫోన్ చేశాడు.

"నిజంగనా?" అన్నాడు సారు.

"వచ్చి చూసుకో సారు" అన్నాడు జాఫర్.

నాయకుల్లో జనాజాకు అందింది మా సారు ఒక్కడే. పదవి లేదు, గన్‌మెన్ లేడు, నా పాత మోటారు సైకిల్ వెనక కూర్చుని వచ్చాడు. వాగు ఎండి ఉంది. నాలుగడుగులు కాదు, ఖబ్రస్తాన్ దాకా భుజం మార్చుకుంటూ మోశాడు. ఎవరో ఆయన్ని కదిలించాలని, "సారూ, ఏమన్న చెప్పిండా?" అన్నారు. "ముందే చెప్పిండు కదా, మీ అందరి ముందల" అన్నాడు సారు. ఎవరూ నవ్వలేదు.

చాలీస్వాఁ రోజున, అంటే నలభయ్యో దినం భోజనాలకు, కొత్త ఎమ్మెల్యే వచ్చాడు. ఆయన మనుషులు ముందే వచ్చి చాపలు సర్దారు. నేనూ మా సారూ చివరి వరుసలో కూర్చున్నాము. కొత్తాయన లేచి, కళ్లు తుడుచుకుని, చేతులు జోడించాడు.

"ఆఖరి దినాలల్ల పటేల్ సాబ్ నా చెయ్యి పట్టుకొని ఒక మాట అన్నడు. 'బిడ్డా, వంతెన సంగతి నువ్వు చూసుకుంటవు, నాకు తెలుసు. జర టైమ్ పట్టినా ఫరవాలేదు' అన్నడు."

జనంలో కొందరు తలలూపారు. జాఫర్ నేల చూశాడు. మా సారు నా చెవి దగ్గరకు వంగాడు.

"దాసూ, గీ మాట నేను ఇంకా మంచిగ చెప్పేటోన్ని."

వంతెన ఇంకా లేదు. వాగు గట్టు మీద ఇప్పుడు రెండు రాళ్లున్నాయి, కొత్తదాని మీద అక్షరాలు పెద్దవి, కళ్లజోడు లేకుండానే చదవొచ్చు.

ఆ మంగళవారం తానూ పటేల్ వాకిట్లో ఉన్నానని ఇప్పుడు జహీరాబాద్ బస్టాండులో టీ తాగే ప్రతి మనిషీ చెప్తున్నాడు. కొందరు నాకే చెప్తున్నారు. పటేల్ అనని మాటలు కూడా అన్నాడని చేర్చి చెప్తున్నారు. అలా చేర్చవద్దనే ఆయన ఆ రోజు అంతమంది ముందు నోరు విప్పాడు. అందుకని ఉన్నవాళ్ల పేర్లు రాస్తున్నాను, వీళ్లు తప్ప ఇంకెవరు ఏం చెప్పినా నమ్మకండి. ఈరప్ప సారు. పీఏ మురళి. గన్‌మెన్ శంకర్. మంచం మోసిన జాఫర్, మొయిన్, నర్సింలు, తుకారాం. పొరుగింటి ఈశ్వరమ్మ. బీదర్ నుంచి వచ్చిన మహబూబ్ బీ. గంజి గిన్నెతో రజియా. దండ సంచితో నేను. లోపల, తెర వెనక, నులక మంచం మీద, హసన్ పటేల్.